తమ్మెలు మళ్లీ మళ్లీ పుండవుతున్నాయి: లోహం పడట్లేదా, శీల బిగుతా, ఇన్ఫెక్షనా?

గాజుపూస
చెవులు కుట్టించి ఏడాది దాటింది. బంగారు దిద్దులు ఉన్నన్నాళ్లూ ఏ గొడవా లేదు. వేరే ఏ కమ్మలు పెట్టినా మర్నాటికల్లా తమ్మె ఎర్రబడుతుంది, దురద మొదలవుతుంది, ఆ తర్వాత నీరు కారి పక్కు కడుతుంది. "సర్జికల్ స్టీల్" అని రాసినవీ, "అలర్జీ రాదు" అని రాసినవీ రెండూ అంతే. రోజూ స్పిరిట్‌తో తుడుస్తున్నాను, కాడ తిప్పుతూనే ఉన్నాను. అట్ట మీద ఏ మాట కనిపిస్తే నమ్మి కొనొచ్చు?

చర్మచింత
దురద ముందు, నొప్పి తర్వాత. రెండు చెవులకూ ఒకేలా. కొన్ని లోహాలకే. ఈ మూడూ కలిస్తే నికెల్ అలర్జీ అనే అనుకోవాలి. అది పెట్టుకున్న గంటలోనే కనిపించదు. మామూలుగా ఒకటి రెండు రోజులకు, ఒక్కోసారి మూడో రోజుకు బయటపడుతుంది. అందుకే చాలామంది "పొద్దున్న పెట్టాను, సాయంత్రం దాకా బాగానే ఉంది, ఇవి పడ్డట్టే" అనుకుని మోసపోతారు.

ఇన్ఫెక్షన్ దారి వేరు. దురద కంటే నొప్పి ముందుంటుంది. ముట్టుకుంటే వేడిగా ఉంటుంది, ఉబ్బుతుంది, చిక్కటి పసుపు లేదా ఆకుపచ్చ చీము వస్తుంది, ముదిరితే జ్వరం. ఎక్కువగా ఒక చెవికే వస్తుంది. కాకపోతే అలర్జీ దురదకు గోళ్లతో గీకితే చర్మం చిట్లి ఇన్ఫెక్షన్ కూడా తోడవుతుంది, అప్పుడు రెండూ కలిసి కనిపిస్తాయి.

ఇంకో గుర్తు చూడండి. జీన్స్ గుండీ తగిలే బొడ్డు కింద, వాచీ బకిల్ తగిలే మణికట్టు దగ్గర దద్దు వస్తుందా? వస్తే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది.

గాజుపూస
బొడ్డు కింద వస్తుంది! దానికీ దీనికీ సంబంధం ఉంటుందని అనుకోలేదు.

చర్మచింత
ఒకసారి నికెల్ పడని శరీరం మళ్లీ అలవాటు పడదు, దాదాపు జీవితాంతం అంతే. "కొన్నాళ్లు ఓర్చుకుని పెట్టుకుంటే అలవాటైపోతుంది" అన్న మాట వినకండి. పెట్టుకున్నకొద్దీ దద్దు ఇంకా త్వరగా, ఇంకా గట్టిగా వస్తుంది. ఖాయం చేసుకోవాలంటే చర్మవైద్యుల దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించండి. వీపు మీద పట్టీలు అంటించి 48 గంటల తర్వాత తీసి చూస్తారు, ఆ తర్వాత మళ్లీ ఒకటి రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. రెండోసారి చూపించుకోవడం మానేయకండి, ఆలస్యంగా బయటపడేవి అప్పుడే తెలుస్తాయి.

కంసాలి_చూపు
అట్ట మీది మాటల సంగతి నేను చెబుతాను.

"సర్జికల్ స్టీల్" అన్నది ఒక కచ్చితమైన రకం పేరు కాదు, ఎవరైనా రాసుకోవచ్చు. ఎక్కువగా వాడేది 316ఎల్ స్టీల్. అందులో నికెల్ 10 నుంచి 14 శాతం ఉంటుంది. పైన క్రోమియం ఆక్సైడ్ పొర ఉండటం వల్ల నికెల్ అంత తేలిగ్గా బయటికి రాదు, చాలామందికి పడుతుంది కూడా. కానీ చెమటలో ఉప్పు ఉంటుంది, చెవి రంధ్రం ఎప్పుడూ తడిగా ఉంటుంది, పైగా పాలిష్ గరుకుగా ఉంటే ఆ పొర నిలవదు. మీలాంటి చెవికి అది చాలు.

"నికెల్ లేదు", "అలర్జీ రాదు" అన్నవీ అంతే, వెనక ప్రమాణం ఏదో రాసి ఉంటేనే వాటికి విలువ. ఐరోపా సమాఖ్య 1994లోనే నికెల్ మీద నిబంధన తెచ్చింది. కుట్టిన రంధ్రంలో ఉండే కాడకు ఇప్పుడున్న హద్దు చదరపు సెంటీమీటరుకు వారానికి 0.2 మైక్రోగ్రాములు. గమనించాల్సింది ఏమిటంటే, లోహంలో నికెల్ ఎంత ఉంది అని కాదు, చర్మంలోకి ఎంత విడుదలవుతుంది అనే కొలుస్తారు. అదే సరైన లెక్క.

కొనేటప్పుడు అడగాల్సింది టైటానియం, అదీ ఏఎస్‌టీఎం ఎఫ్136 లేదా ఐఎస్‌ఓ 5832-3 అని స్పష్టంగా రాసినది. శరీరం లోపల అమర్చే పరికరాలకు వాడే రకం అది. ఊరికే "టైటానియం" అని రాస్తే చాలదు. "టైటానియం పూత" అంటే అసలే వద్దు, లోపల ఏముందో తెలియదు. నియోబియం అనే లోహం కూడా మంచిదే. ఈ రెండింటికీ నీలం, ఊదా, గులాబీ రంగులు పూత వెయ్యకుండానే వస్తాయి. విద్యుత్తుతో పైన ఉన్న ఆక్సైడ్ పొర మందాన్ని మారుస్తారు, ఆ మందాన్ని బట్టి రంగు కనిపిస్తుంది. అది పొలుసుల్లా ఊడేది కాదు.

హేమలత
బంగారమైతే ఏ చెవికైనా పడుతుంది కదా, ఇంత చర్చ ఎందుకు? బంగారం పెట్టుకోండి, అయిపోతుంది.

కంసాలి_చూపు
హేమలత గారూ, ఏ బంగారం అన్నది చూడాలి. 22 క్యారట్లలో 91.6 శాతం బంగారం, 18లో 75, 14లో 58.5. మిగతాది ఏమిటన్నదే అసలు సంగతి. పసుపు బంగారంలో ఎక్కువగా వెండి, రాగి కలుపుతారు, పేచీ లేదు. తెల్ల బంగారంలో తెలుపు రావడానికి నికెల్ గానీ పల్లాడియం గానీ కలుపుతారు. నికెల్ కలిపినదానికి పైన రోడియం పూత వేస్తారు. పూత ఉన్నంతకాలం బాగుంటుంది, కాడ దగ్గర అరిగాక దురద మొదలు. తెల్ల బంగారం కొంటే "పల్లాడియం కలిపిందా" అని అడిగి, రసీదు మీద రాయించుకోండి.

ఇక బంగారు పూత వేసిన ఇత్తడి కమ్మలు. ఇత్తడి మీద నేరుగా బంగారం వేస్తే కొన్నాళ్లకు రంగు చెడుతుందని మధ్యలో నికెల్ పొర వేసేవాళ్లు చాలామంది. పూత ముందు అరిగేది ఎక్కడ? రోజూ రంధ్రంలో రాసుకునే కాడ దగ్గర. ముందువైపు డిజైన్ ధగధగ మెరుస్తూనే ఉంటుంది, లోపల కాడ మాత్రం నికెల్ బయటపెట్టుకుని కూర్చుంటుంది.

కమ్మ కొనేటప్పుడు ముందు వెనక్కి తిప్పి కాడ చూడండి, డిజైన్ తర్వాత. చర్మం లోపల ఉండేది అదే. కొన్ని కమ్మలకు ఒక్క కాడను టైటానియానికి మార్పించుకోవచ్చు.

లోలాకు
ఒక చుక్క పరీక్ష ఉంటుంది కదా, గులాబీ రంగు వచ్చేది?

కంసాలి_చూపు
డైమిథైల్‌గ్లయాక్సైమ్ పరీక్ష. రెండు చిన్న సీసాల్లో వస్తుంది. దూది పుల్ల మీద రెండింటి నుంచీ ఒక్కో చుక్క వేసి కాడ మీద అర నిమిషం రుద్దాలి. దూది గులాబీ రంగుకు తిరిగితే నికెల్ వదులుతున్నట్టే. వెనక బిగించే శీలకూ వేరుగా చెయ్యండి, చాలాసార్లు కాడ మంచిదే అయినా శీల నాసిరకం ఉంటుంది. రంగు రాలేదని మురిసిపోవద్దు. పూత కొత్తగా ఉంటే రాదు, అరిగాక వస్తుంది. అందుకే పాత వాటిని ఆర్నెల్లకోసారి మళ్లీ చూసుకోవాలి.

మెరుపుదిద్దు
కాడకి పారదర్శకమైన గోళ్ల రంగు పూస్తే సరిపోదా?

కంసాలి_చూపు
ఒక పూట ఫంక్షన్‌కి సరిపోతుంది. రెండు మూడుసార్లు పెట్టి తీసేసరికి పొలుసులుగా లేస్తుంది, ఆ పొలుసులు రంధ్రంలో ఉండిపోతాయి. పుండు ఉన్న చెవికి అసలు వద్దు.

సూదిమొన
గాజుపూస గారు చెప్పిన వాటిలో నన్ను ఎక్కువ బాధపెట్టినవి స్పిరిట్, కాడ తిప్పడం. రెండూ ఇవాళే ఆపేయండి.

స్పిరిట్ గానీ హైడ్రోజన్ పెరాక్సైడ్ గానీ సూక్ష్మజీవులతో పాటు మానుతున్న కొత్త కణాలను కూడా దెబ్బతీస్తుంది. చర్మం ఎండి పగులుతుంది, ఆ పగుళ్లలోంచి నికెల్ ఇంకా బాగా లోపలికి వెళ్తుంది. కావాల్సింది 0.9 శాతం స్టెరైల్ సెలైన్ (సూక్ష్మజీవులు లేని ఉప్పు నీళ్లు) ఒక్కటే, స్ప్రే రూపంలో దొరుకుతుంది. రోజుకు ఒకటి రెండుసార్లు ముందూ వెనకా చల్లి, మెత్తబడిన పక్కును గాజ్ గుడ్డతో (కట్లు కట్టే పలచటి గుడ్డ) ఒత్తి తీయాలి. గోటితో గిల్లొద్దు. దూది వాడొద్దు, నూలు కాడకు చుట్టుకుంటుంది. తర్వాత తడి లేకుండా ఆరనివ్వాలి, తడి చెవి త్వరగా మానదు.

ఇంట్లో ఉప్పు నీళ్లు కలుపుకోవచ్చా అని అడుగుతారు. లీటరు నీటికి 9 గ్రాములు అన్నది లెక్క. చేత్తో వేస్తే దాదాపు అందరూ ఎక్కువే వేస్తారు, చర్మం మండి ఎండుతుంది. పైగా అది స్టెరైల్ కాదు.

హేమలత
తిప్పకపోతే కాడ చర్మానికి అతుక్కుపోదూ? ఎప్పటినుంచో అందరూ చెప్పే మాట కదా అది.

సూదిమొన
లోహానికి చర్మం అతుక్కోదండి. అతుక్కున్నట్టు అనిపించేది ఎండిన ద్రవం. రంధ్రం మానడం అంటే రెండు వైపుల నుంచీ చర్మపు పొర లోపలికి పెరుగుతూ వచ్చి మధ్యలో కలవడం, చివరికి అదొక గొట్టంలా తయారవుతుంది. తిప్పినప్పుడల్లా కాడ మీద ఎండిన పక్కు ఆ లేత పొరను గీస్తుంది, గాయం మళ్లీ మొదటికి వస్తుంది. తమ్మె మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొందరికి మూడు నెలలు. అన్నాళ్లూ శుభ్రం చేసేటప్పుడు తప్ప ముట్టుకోకపోవడమే మందు.

లోలాకు
మరి కుట్టి ఏడాదయిన చెవి ఇంకా పచ్చిగానే ఉంటుందా?

సూదిమొన
ఉండొచ్చు. ఆగి ఆగి దద్దు వస్తుంటే లోపలి పొర ఎప్పుడూ కుదురుకోదు. ఎఫ్136 టైటానియం చదునైన వెనక ఉన్న కాడ పెట్టి, రెండు మూడు నెలలు మార్చకుండా వదిలేస్తే చాలా చెవులు వాటంతట అవే సర్దుకుంటాయి.

చర్మచింత
దానికి తోడు, ఇప్పుడున్న దద్దు తగ్గడానికి డాక్టరును అడిగి తక్కువ శక్తి ఉన్న స్టెరాయిడ్ పూతమందు కొన్నాళ్లు వాడొచ్చు, చీము లేకపోతేనే. చీము ఉన్నచోట స్టెరాయిడ్ పూయొద్దు.

నీలిముత్యం
శీల గురించి ఎవరూ మాట్లాడట్లేదు. సగం చెవులను పాడుచేసేది అదే. సీతాకోకచిలుక ఆకారం శీలలో మడతలుంటాయి, సబ్బు నురగ, తలనూనె, చచ్చిన చర్మం అన్నీ అక్కడే చేరతాయి. ఆ వాసన అందరికీ తెలిసిందే. ఇంకో తప్పు, జారిపోతుందని చర్మానికి ఆనేదాకా తోసేయడం. తమ్మె ఉబ్బడానికి చోటు ఉండదు, రక్తం ఆడదు, ముదిరితే శీల చర్మంలోకి దిగిపోతుంది.

సూదిమొన
దిగిపోతే ఇంట్లో లాగకండి. చర్మం మూసుకున్న చోట లాగితే చినుగుతుంది. డాక్టరు తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి తీస్తారు, చిన్న పనే.

పొడవు లెక్క: తమ్మె మందం చాలామందికి నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్లు. కొత్తగా కుట్టినప్పుడు ఎనిమిది మి.మీ. లోపలి పొడవున్న కాడ పెట్టి వాపుకు చోటు వదులుతారు. వాపు తగ్గాక, సుమారు నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో, ఆరు మి.మీ.కి మార్పించుకోవాలి. ఆ రెండో పని మర్చిపోతారు. పొడవు కాడ ముందుకూ వెనక్కూ ఊగుతూ, జుట్టుకు, దుప్పటికి తగులుతూ రంధ్రాన్ని వంకర చేస్తుంది. కమ్మ పెట్టాక మొత్తం మీద ఒకటి రెండు మి.మీ. ఖాళీ ఉంటే సరి.

మెరుపుదిద్దు
మర శీలలే నయం, ఊడవు.

నీలిముత్యం
ఊడవు, నిజమే. కానీ మర అంచులు కాడ మీదే ఉంటే పెట్టిన ప్రతిసారీ రంధ్రాన్ని గీస్తాయి. మర కాడ లోపల ఉన్నవి, లేదా మర లేకుండా సన్నటి వంపు పిన్ను ఒత్తిడితో నిలిచేవి చర్మానికి సుఖం. 22 క్యారట్ల కాడ మెత్తన, మర త్వరగా అరుగుతుంది. బిగిస్తుంటే శీల ఆగకుండా తిరుగుతూనే ఉందంటే మర పోయినట్టే, వెంటనే కొత్తది వేయించాలి. ఒక జత శీలను ఇంకో జతకు బిగించొద్దు. మర వేరైతే రెండూ పాడవుతాయి.

లోలాకు
శీల కింద పడితే ఇల్లంతా మోకాళ్ల మీద పాకడమే. వాష్‌బేసిన్ దగ్గర మార్చేవాళ్లు ముందు దాని మూత పెట్టండి, కింద తువ్వాలు పరవండి!

మెరుపుదిద్దు
పెద్ద బుట్టలు పెట్టేవాళ్లకు ఏం చెబుతారు? నా తమ్మె రంధ్రం చుక్కలా కాకుండా గీతలా కనిపిస్తోంది.

కంసాలి_చూపు
గీత అయ్యిందంటే తమ్మె హెచ్చరిస్తోందని అర్థం. సన్నటి తీగ సబ్బుబిళ్లను కోసినట్టు, సన్నటి కాడకు బరువు వేలాడితే అది మెల్లగా కిందికి కోసుకుంటూ పోతుంది. మామూలు కమ్మల కాడ సుమారు 0.8 మి.మీ. ఉంటుంది. బరువైన బుట్టలకు ఒక మి.మీ. లేదా 1.2 మి.మీ. కాడ వేయించండి, రంధ్రం ఒప్పుకుంటేనే.

బరువు కళ్లతో అంచనా వేయొద్దు, చిన్న త్రాసు మీద పెట్టండి. రోజంతా ఉండేవి ఒక్కో చెవికి రెండు మూడు గ్రాములు దాటకపోతే మంచిది, అంతకు మించినవి కొద్ది గంటలకే. ఇది ఎక్కడా రాసిపెట్టిన హద్దు కాదు, జాగ్రత్త లెక్క. అదే సైజులో తేలిక కావాలంటే లోహం మార్చండి: ఘన సెంటీమీటరు బంగారం 19.3 గ్రాములు, టైటానియం నాలుగున్నర. బంగారమే కావాలంటే బోలుగా చేసినవి తీసుకోండి.

మాటీలు ఉత్త అలంకారం అనుకోకండి, బరువును తమ్మె మీంచి జుట్టు మీదికి మోయిస్తాయి. కొక్కెం బిగుతుగా ఉండాలి, గొలుసు వదులుగా వేలాడితే బరువంతా మళ్లీ చెవి మీదే. ముందుకు వాలిపోయే దిద్దులకు వెనక సుమారు సెంటీమీటరు వెడల్పు పలచటి బిళ్ల ఉన్న శీల వేస్తే నిటారుగా నిలుస్తాయి.

చర్మచింత
గీతలా ఉన్నప్పుడే ఆపితే ఆ ఉన్నది నిలుస్తుంది. పూర్తిగా చినిగితే రెండు ముక్కలూ వాటంతట అవి అతుక్కోవు, ఎందుకంటే అంచులు అప్పటికే చర్మంతో మూసుకుపోయి ఉంటాయి. ఆ అంచులు కోసి, పచ్చి చేసి, కుట్లు వేయాలి. తిమ్మిరి ఇంజెక్షన్‌తో అయిపోతుంది. మళ్లీ కుట్టించడానికి కనీసం రెండు మూడు నెలలు ఆగాలి, పాత మచ్చ మీద కాకుండా పక్కన కుట్టించాలి. మచ్చ కణజాలానికి బలం తక్కువ.

హేమలత
పై చెవి కుట్టించుకుందామని ఉంది. ఇదే జాగ్రత్త చాలా?

సూదిమొన
చాలదు. పైన ఉండేది మృదులాస్థి, దానికి సొంత రక్తనాళాలు లేవు, అందుకే మానడానికి ఆరు నెలల నుంచి ఏడాది. గన్నుతో మాత్రం వద్దు. గన్ను మొద్దు కాడను బలంగా తోస్తుంది, మృదులాస్థి నలుగుతుంది. పైగా ప్లాస్టిక్ భాగాలున్న గన్నును ఆటోక్లేవ్‌లో (వేడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపే యంత్రం) పెట్టలేరు. ఒక్కసారికే వాడే బోలు సూది, మన కళ్ల ముందు సీలు తీసినది, అదీ ఆటోక్లేవ్ వాడే చోట అయితేనే కూర్చోండి. ఆ పక్కకు తిరిగి పడుకోవద్దు. మధ్యలో రంధ్రం ఉన్న ప్రయాణపు దిండు పనికొస్తుంది.

చర్మచింత
పై చెవిలో ఇన్ఫెక్షన్ వస్తే రేపు చూద్దాం అనుకోకండి. సూడోమోనాస్ ఏరుగినోసా అనే బాక్టీరియా తరచూ కారణం, మామూలుగా ఇచ్చే చాలా యాంటీబయాటిక్స్‌కు అది లొంగదు. మృదులాస్థి కరిగితే చెవి ఆకారమే ముడుచుకుపోతుంది. తమ్మె మామూలుగా ఉండి పైభాగం ఎర్రగా, వేడిగా, ఉబ్బి, వంచితే నొప్పి పుడుతుంటే అదే రోజు చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

లోలాకు
ఇన్ఫెక్షన్ రాగానే కమ్మ తీసేయాలా? ఒకరు తీయమంటారు, ఒకరు వద్దంటారు.

సూదిమొన
తమ్మెలో కొద్దిపాటి చీము అయితే తీయొద్దు అంటాను. తీస్తే పైన మూసుకుపోయి చీము లోపల చిక్కుతుంది, గడ్డ కడుతుంది.

చర్మచింత
నేను అంత గట్టిగా చెప్పను. కమ్మ లోహమే పడకపోతే దాన్ని ఉంచడం పుండును రేపడమే, కాబట్టి తీసి టైటానియం పెట్టాలి. శీల దిగిపోయినా, గడ్డ కట్టినా తీయాలి. పై చెవి సంగతి డాక్టరే తేల్చాలి.

సూదిమొన
లోహం మార్చడం వరకు ఒప్పుకుంటాను. రంధ్రం ఖాళీగా వదలొద్దన్నదే నా పట్టు.

మెరుపుదిద్దు
రంధ్రం వెనక చిన్న బొడిపె ఉంది. కీలాయిడా?

చర్మచింత
హద్దు చూడండి. గాయం చుట్టూనే ఆగి, మెల్లగా తగ్గేది మామూలు మచ్చ లేదా రాపిడి బొడిపె. కాడ పొడవు, లోహం సరిచేస్తే చాలాసార్లు అదే అణుగుతుంది. గాయం హద్దు దాటి, నెలల తరబడి పెరుగుతూ, గట్టిగా, నునుపుగా ఉండేది కీలాయిడ్. దాన్ని ఊరికే కోయించుకోవద్దు, కోస్తే చాలాసార్లు తిరిగి వస్తుంది, ముందుకంటే పెద్దగా కూడా రావచ్చు. ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, కోసిన తర్వాత ఒత్తిడి క్లిప్పులు కలిపి చేస్తారు. ఇంట్లో ఎవరికైనా కీలాయిడ్లు ఉంటే రెండో రంధ్రం ఆలోచనే మానుకోవడం మేలు.

గాజుపూస
ఉన్న కమ్మలను ఎలా శుభ్రం చేయాలో కూడా చెప్పండి. అన్నీ వేడినీళ్లలో వేసేయొచ్చా?

నీలిముత్యం
వద్దు! రాయిని బట్టి. రాళ్లు లేని బంగారం, టైటానియం, స్టీలు అయితే గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల తేలిక సబ్బు వేసి పది నిమిషాలు నాననివ్వండి. మెత్తటి బ్రష్షుతో కాడ, మర, శీల లోపలి కన్నం తోమండి, కడిగి పూర్తిగా ఆరనివ్వండి. పెట్టుకునే ముందు కాడను 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. స్పిరిట్ లోహానికి మంచిదే, పుండుకే వద్దు.

ముత్యాలను నానబెట్టొద్దు, ఆల్కహాల్, వెనిగర్ దగ్గరికి రానివ్వొద్దు. అది కాల్షియం కార్బొనేట్, ఆమ్లానికి కరుగుతుంది. తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. పచ్చల్లో పగుళ్లు కనపడకుండా నూనె పట్టిస్తారు, కాబట్టి వాటికి, ఓపల్‌కు అల్ట్రాసోనిక్ యంత్రం పనికిరాదు. వెనక రేకు పెట్టి మూసిన రాళ్లకు నీళ్లు తగిలితే రేకు నల్లబడుతుంది, రాయి మెరుపు తిరిగి రాదు. జిగురుతో అంటించినవీ నీళ్లకు దూరం.

అత్తరు, హెయిర్‌స్ప్రే అన్నీ అయ్యాక చివర్లో కమ్మలు పెట్టుకోండి. ఈతకు ముందు తీసేయండి, క్లోరిన్ బంగారంలో కలిపిన రాగి, వెండిని తింటుంది. వెండివి గాలి చొరని చిన్న సంచిలో, ఒక్కో జత విడిగా.

లోలాకు
వెండి కాడ పుండు చెవికి పనికొస్తుందా?

కంసాలి_చూపు
పూర్తిగా మానిన చెవికి పర్లేదు. పచ్చి రంధ్రంలో వద్దు. 92.5 వెండి తడికి నల్లబడుతుంది, ఆ నలుపు చర్మంలో మచ్చగా నిలిచిపోయే ప్రమాదం ఉంది.

హేమలత
చంటిపిల్లల కమ్మలకు ఏవి?

సూదిమొన
వేలాడేవి, రింగులు వద్దు, వేలు తగిలించి లాగేస్తారు. ముందు బల్లపరుపుగా, అంచులు నునుపుగా ఉన్నవి, వెనక మూసి ఉన్న మర శీల. ఊడిన శీల నోట్లోకి పోతుంది కాబట్టి స్నానం అయ్యాక రోజూ రెండు వేళ్లతో బిగుతు చూడండి. మింగినట్టు అనుమానం వచ్చి దగ్గు, చొంగ, మింగలేకపోవడం కనిపిస్తే ఆసుపత్రికే. చవక పూత నగల్లో సీసం, కాడ్మియం ఉండొచ్చు, నోట్లో పెట్టుకునే వయసుకు అవి అసలు కొనొద్దు.

గాజుపూస
ఎఫ్136 చదును కాడ, ఆరు మి.మీ., 0.8 మందం తీసుకుంటున్నాను. సరేనా?

సూదిమొన
ముందు తమ్మె మందం కొలవండి, ఇప్పుడు వాపు ఉంది కదా. వాపు తగ్గేదాకా ఎనిమిది మి.మీ.తో మొదలుపెట్టి తర్వాత ఆరుకు దిగండి. మందం 0.8 కంటే ఒక మి.మీ. మేలు. కుట్టిన వాళ్లు ఏ కొలత సూది వాడారో తెలిస్తే అడగండి. కాడ దూరకపోతే బలవంతం చేయొద్దు. చేతులు కడిగి, కాడకు నీటి ఆధారిత జెల్ రాసి, తమ్మెను కొద్దిగా కిందికి లాగి నిటారుగా పంపండి. అయినా పోకపోతే కుట్టేవాళ్ల దగ్గర టేపర్ (కాడకు దారి చూపే, మొన సన్నగా ఉన్న పుల్ల) ఉంటుంది, నిమిషం పని.

చర్మచింత
వైరు ఇయర్‌ఫోన్ల చుట్టూ ఉండే లోహపు అంచు, కళ్లజోడు కాడ కూడా చూసుకోండి. కమ్మలు మార్చినా దద్దు చెవి వెనక నిలిచిందంటే కారణం అక్కడుండొచ్చు.